గొడుగుల చొక్కా

దండెం మీది నుంచి బాబు చొక్కా తీసి మడత పెడుతుంటే కింది అంచు చేతికి తక్కువగా తగిలింది. విప్పి చూశాను. నీలం గుడ్డ మీద పసుప్పచ్చ గొడుగుల బొమ్మలున్న చొక్కా అది. కింద కుట్టు ఉండాల్సిన చోట కుట్టు లేదు. రెండు వేళ్ల వెడల్పున ఒక పీలిక ఆ చివర నుంచి ఈ చివర దాకా పోయింది. మేక నమిలితే అంచు పీచులు పీచులుగా ఉంటుంది. ఎలుక కొరికితే వంకర్లుగా ఉంటుంది. ఇది తిన్నగా ఉంది. ఒక గొడుగు సరిగ్గా నడిమికి తెగింది.

అది కత్తెర పని. మా ఇంట్లో కత్తెర లేదు.

చలికాలం మధ్యాహ్నం. పాప బడికి పోయింది. వాకిట్లో నేనూ, ఆరేసిన బట్టలూ తప్ప ఎవరూ లేరు. పక్క పోర్షన్ తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ తలుపు వెనక కత్తెర గుడ్డను కోస్తున్న చప్పుడు నెమ్మదిగా, ఆగి ఆగి వినిపిస్తోంది. చొక్కాను గుండెకు అదుముకొని ఇంట్లోకి వచ్చి గొళ్లెం పెట్టాను. పట్టపగలు గొళ్లెం పెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు.

అప్పుడు మేము జడ్చర్లలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనకు రోడ్డు పక్కన కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఇల్లు రెండు పోర్షన్లు. ఒకటే వాకిలి, ఒకటే దండెం, నడుమ ఒక పల్చటి గోడ. పక్క పోర్షన్లో ఒక ముసలామె ఒక్కతే ఉండేది. పాత బట్టలు కోసి బొంతలు కుట్టి అమ్ముకొని బతికేది. పిల్లలు ఆమెను ఉర్దూలో అమ్మమ్మను పిలిచినట్టు నానీ అని పిలిచేవాళ్లు. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. మాకు ముందు నుంచే ఆమె అక్కడ ఉంది.

బాబుకు మూడేళ్లు. జ్వరం వచ్చినప్పుడల్లా వాడికి ఫిట్స్ వచ్చేవి. మొదటిసారి వచ్చింది ఒక శనివారం పొద్దుగూకేవేళ. దేవుని గూట్లో దీపం పెట్టి, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని, నా చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన స్తోత్రం చదువుతున్నాను. వాడి పేరు చెప్పి, చల్లగా చూడు స్వామీ అన్నాను. అనడం పూర్తి కాలేదు. వాడి మెడ వెనక్కి వాలింది. కళ్లు పైకి తేలిపోయాయి. దవడలు బిగుసుకున్నాయి. దీపం అట్లాగే వెలుగుతోంది. పటంలో దేవుడి ముఖం కూడా మారలేదు.

దవాఖానలో డాక్టరు మంచిగానే చెప్పాడు. జ్వరం పెరగనియ్యవద్దు, తడిగుడ్డ వెయ్యాలి, ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్లేటట్టు పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టవద్దు, పెరిగేకొద్దీ చాలామంది పిల్లలకు ఇవి పోతాయి అన్నాడు. నేను నల్లగొండలో బీఎస్సీ చదివినదాన్ని. ఆయన మాటల్లో ప్రతి ముక్కా అర్థమైంది. కానీ 'చాలామంది' అన్న మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. మిగిలిన కొద్దిమంది ఎవరి పిల్లలు?

ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ అంతకుముందు రోజు నేను వాడి కోసం మొక్కుకున్నాను. చదువుకున్న బుర్రకు అది కాకతాళీయం అని తెలుసు. భయపడ్డ బుర్రకు మాత్రం వేరే లెక్క తోచింది. నలుగురిలో పిల్లవాడిని మెచ్చుకుంటే దిష్టి తగులుతుంది కదా, దేవుడి ముందు వాడి పేరెత్తితే ఆయన కన్ను కూడా వాడి మీద పడుతుందేమో. ఆయన కన్ను మంచిదే అని నాకు ఎవరు హామీ ఇచ్చారు? అప్పటి నుంచి దీపం పెట్టేదాన్ని, అగరుబత్తి వెలిగించేదాన్ని. మా ఆయన్ని చల్లగా చూడు, అత్తమ్మను చల్లగా చూడు, పాపను చల్లగా చూడు అని అక్కడ ఆపేసేదాన్ని. ఇంట్లో అందరికంటే ఎక్కువ కావలసినవాణ్ణి దేవుడికి చెప్పకుండా దాచిపెట్టుకున్నాను.

ఆ రోజు గొళ్లెం పెట్టి లోపల కూర్చున్నాక చూసినవన్నీ ఒక్కొక్కటి వరస కట్టాయి. నానీ బాబును చూడగానే పెదవులు కదిలించేది. మాట బయటికి వచ్చేది కాదు. వాడు దగ్గరికి పోతే తల మీద నోటితో ఊదేది. పాప ఒకసారి నవ్వుతూ చెప్పింది, "అమ్మా, నానీ తమ్మున్ని చాయ ఊదినట్టు ఊదుతది." అప్పుడు నేనూ నవ్వాను. వాడి చెంపలు నిమిరి, ఆ చేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరిచేది. వాడు ఏ వారం పుట్టాడని అడిగింది. జ్వరం వచ్చిన సంగతి నేను చెప్పకముందే తెలుసుకొని, "పోరడు మంచిగున్నడా?" అనేది. గురువారం వస్తే ఆ గదిలోంచి ఊదు పొగ వాసన మా వంటింట్లోకి వచ్చేది. పొగ కంటే ముందు ఆమె గొణుగుడు వచ్చేది. వారం కింద అడిగింది కూడా, "బేటీ, పోరగాని పాత చొక్కా ఏదన్న ఉంటె ఇయ్యరాదు?" అని. లేదు నానీ అన్నాను.

బొంతకు పాత చీరలు సరిపోవా? వాడి చొక్కానే ఎందుకు?

అత్తమ్మ మా దగ్గరే ఉంది అప్పుడు. బాబుకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయని తెలిసి హాలియా దిక్కున్న ఊరి నుంచి వచ్చి, ఇంక వెనక్కి పోలేదు. చొక్కా చూపించాను. వెలుతురులోకి పట్టుకొని అటూ ఇటూ తిప్పింది.

"గిది కత్తెరతోని కోసిందే పిల్లా."

"నేను గదే అనుకుంటున్న అత్తమ్మా."

"పక్కదానికి చొక్కా ఇయ్యనంటివి గద. ఇయ్యకపోతె తీసుకుంది." చొక్కాను నేల మీద పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. "మా ఊళ్లె గిట్లనే, పోరని బట్టపేలిక దొరకవట్టి బాణామతి చేసిండ్రు. పోరడు ఎండుకపోయిండు."

"చేసినట్టు ఎవలు చూసిండ్రు?"

"చూసేటట్టు చేస్తరానే ఎవలన్న? గా ముసలిదాని పండ్లు రాలగొడితె అప్పుడు ఆగింది. పండ్లు లేకుంటె మంత్రం పలుకదంట."

పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా ఆ మాట అంది.  అయినా ఆమె మాట పూర్తిగా తోసిపుచ్చలేకపోయాను. ఆ ఏడాది అట్లాంటిది. హైదరాబాదులో హిందూ ముస్లిం గొడవలకు పెట్టిన కర్ఫ్యూలు ఎత్తేసి ఎన్నాళ్లో కాలేదు. మా వాడలో ఏమీ జరగలేదు గానీ పలకరింపులు పొట్టిగా అయ్యాయి. పండుగకు గిన్నెలు అటూ ఇటూ తిరగడం ఆగింది. వాడలో పరుచుకున్న ఆ అనుమానం మా వాకిట్లోకి వచ్చేసరికి ఒక ముసలామె ముఖం పెట్టుకుంది.

సాయంత్రం పిల్లలిద్దరినీ ముందర కూర్చోబెట్టుకొని చెప్పాను. "నానీ ఏం పెట్టినా తినొద్దు. పిలిస్తె ఇననట్టు ఉండుండ్రి. తమ్ముని దగ్గరికి పోనియ్యకు."

పాప అడిగింది, "ఎందుకమ్మా? నానీ చెడ్డదా?"

"చెప్పినట్టు ఇను."

ఆ నాలుగైదు రోజులు నేను కిటికీ సందులోంచి పక్క తలుపునే చూస్తూ బతికాను. బాబు బట్టలు ఇంట్లోనే తాడు కట్టి ఆరేశాను. సరిగా ఆరక ముక్కవాసన కొట్టేవి. వాకిట్లో ఎదురుపడితే నానీ నా వంక చూసేది, నేను బకెట్టు వంక చూసేదాన్ని. ఒకరోజు బాబు వాకిట్లోకి పరుగెత్తాడు. ఆమె "దా బాబూ" అంది. పాప వాడి రెక్క పట్టుకొని లోపలికి ఈడ్చుకొచ్చింది, నేను చెప్పినట్టే. నానీ చేయి గాలిలో కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఆ చేత్తోనే కొంగు సర్దుకుంది.

మా ఆయనకు ఈ గొడవలు సరిపడవు. అయినా అమ్మ ఒకవైపు, నేను ఒకవైపు చెప్పేసరికి తట్టుకోలేకపోయాడు.

"ఏందే, ఇంత చదువుకొని నువ్వు సుత గిట్లనే అంటవా?"

"నాకేం ఎర్కలేదు. గాని చొక్కా కోసింది నిజం. ఎందుకు కోసిందో నువ్వే చెప్పు."

ఆయన చొక్కా మడిచి పక్కన పెట్టాడు. ఇంటి ఓనరుతో మాట్లాడతాననీ, పక్క పోర్షన్ ఖాళీ చేయించమని అడుగుతాననీ అన్నాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజే పోతానన్నాడు. అత్తమ్మ తృప్తిగా తల ఊపింది. నాకు తృప్తి కలగలేదు. ఆమె తప్పు చేసి ఉంటే, ఖాళీ చేసి పోతూ పీలికను కూడా తీసుకొనిపోతుంది. చెయ్యకపోయి ఉంటే, ఆ వయసులో ఎవరు ఇల్లిస్తారు ఆమెకు? ఏదైనా సరే, నా కొడుకు చొక్కా ముక్క ఎక్కడుందో నాకు తెలియాలి. అది తెలియకుండా నేను కన్ను మూయలేను.

గురువారం సాయంత్రం, అసరు నమాజు వేళ నానీ తలుపుకు తాళం వేసి, చేతిలో చిన్న సంచి పట్టుకొని బయలుదేరింది. ఆయన బాబు పక్కన పడుకొని ఉన్నాడు. "మందు సీసా తెచ్చుకొస్త" అని అత్తమ్మకు చెప్పి నేను వెంట నడిచాను.

ఆమె నెమ్మదిగా నడిచేది. నేను ఇంకా నెమ్మదిగా నడవాల్సి వచ్చింది. ఆమె వెనక్కి తిరిగితే ఏ దుకాణం ముందు నిలబడాలా అని చూసుకుంటూ పోయాను. ఒక్కసారి కూడా తిరగలేదు. రోడ్డు దాటి, లారీలు ఆగే జాగా దాటి, సీతాఫలం పొదల నడుమ బండల దారి పట్టింది. పైన చిన్న గుట్ట. గుట్ట మీద సున్నం వేసిన ఒక దర్గా. ఆ ఊళ్లో ఉండి ఏళ్లవుతున్నా నేను ఎప్పుడూ అటు పోలేదు.

పైకి ఎక్కాక నాకు మొదట కనిపించింది దర్గా జాలీ. కిటికీ మేర సిమెంటు జాలీ, కానీ సిమెంటు ఎక్కడా కనపడటం లేదు. ప్రతి కంతకూ పీలికలు కట్టి ఉన్నాయి. గౌను కుచ్చుల ముక్కలు. బడి డ్రెస్సుల ఖాకీ, తెలుపు. పాత చీర అంచు, లుంగీ గళ్లు, పసిపిల్లల టోపీ నాడాలు. కొన్నింటికి ఎండకు రంగు పూర్తిగా పోయింది. అవి ఏ బట్టవో చెప్పలేం. బొట్టు పెట్టుకున్న ఒకామె, నా వయసుదే, తన పిల్ల లంగా ముక్కను పళ్లతో బిగించి ముడి వేస్తోంది.

వాటి నడుమ నా కళ్లకు పసుప్పచ్చ గొడుగు ఒకటి కనిపించింది. సగం గొడుగు.

నానీ దాని ముందే నిలబడి ఉంది. అప్పుడే కట్టిన పీలిక వేలాడే కొసను అరచేతిలోకి తీసుకొని, గొణుక్కుంటూ ఇంకో ముడి వేసింది. ముడి మీద ఊదింది. బాబు తల మీద ఊదినట్టే.

"చెప్పులిడిచి రా బేటీ, గక్కడ నిలబడితివేంది" అంది, వెనక్కి తిరగకుండానే.

నేను చెప్పులు విడిచాను. ముందు అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటే వచ్చింది.

"నా కొడుకు చొక్కా కోసినవ్ నువ్వు."

"కోసిన."

"అడగాలె గద."

"అడిగిన గద. దండెం నిండ చొక్కాలు ఆరేస్కొని ఒక్కటి లేదంటివి."

"ఎందుకో చెప్పి అడగాలె."

"చెప్తె ఇస్తుంటివా? మీ అత్త నన్ను చూస్తె తలుపు ఏస్తది. నువ్వు చదువుకున్నదానివి, నవ్వుతవనుకున్న." ఆమె బండ మీద కూర్చుంది, మోకాళ్లు పట్టుకొని. "పోరగాని ఒంటి మీది బట్ట కావాలె. గురువారం గురువారం ఒక ముడి ఏస్తరు. బీమారి పోయినంక తల్లి వచ్చి ముడులు విప్పాలె. కట్టుడు ఎవలన్న కట్టొచ్చు. విప్పుడు మాత్రం తల్లే."

నేను పీలిక దగ్గరికి పోయి చూశాను. ముడుల నడుమ వాడి గొడుగులు నలిగి ఉన్నాయి. నమ్మాలని ఉంది. నమ్మడానికి భయంగా ఉంది. ఇదంతా నాకు చూపించడానికే చేసిందేమో అని కూడా ఒక ఆలోచన వచ్చిపోయింది. అప్పుడు నా నోటి నుంచి నిజం జారింది.

"రేపు మా ఆయన ఓనరు దగ్గరికి పోతుండు. నిన్ను ఖాళీ చేయించమని."

"ఎర్కె."

"ఎట్ల ఎర్క?"

"మీ ఇంట్ల దగ్గితె నా ఇంట్ల ఇనవడ్తది బేటీ. పండ్లు రాలగొట్టే ముచ్చట సుత ఇన్న." నోరు తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఉన్నయే నాలుగు. మీ అత్తకు పెద్ద తక్లీఫ్ ఉండదు."

నాకు నవ్వు రాలేదు. ఆమె మాత్రం నవ్వింది, ఆ నాలుగు పళ్లతో.

"ఎర్కయినంక సుత ముడి ఏస్తున్నవా?"

"ముడి నీ కోసం కాదు గద. మీ అత్త కోసం సుత కాదు. పోరగాని కోసం."

నేను ఆమె పక్కన బండ మీద కూలబడ్డాను. ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. "నేను దేవున్ని అడుగుడు బంద్ జేసిన నానీ. వాని పేరు తీస్తె జ్వరం వస్తది. ఇంటున్నడో లేడో ఎర్కలేదు. ఇంటె మంచిగ ఇంటున్నడో లేదో గది సుత ఎర్కలేదు."

ఆమె తప్పు అనలేదు. చెంపలు వేసుకోమనలేదు. జాలీలో ఒక మూల చూపించింది. అక్కడ ఒక పీలిక ఉంది, ఏ రంగూ లేనిది, ముట్టుకుంటే రాలిపోయేటట్టు ఉంది.

"గది నా బిడ్డది. విప్పుడు కాలె."

 విప్పకుండా మిగిలిన ఆ ముడి పక్కన నా కొడుకు ముడి ఉండొచ్చా అని నా భయం అప్పుడు కూడా లెక్క వేసింది. ఆ లెక్క వేసినందుకు నా మీద నాకే రోత కలిగింది. అడిగాను, "గంతయినంక ఇంక ఎట్ల వస్తున్నవ్ ఈడికి?"

"రాకుంటె గురువారం ఏం జేయాలె?" అంది. జాలీ వైపు చేయి చూపి, "అడిగెటోళ్లు ఇంత మంది ఉన్నరు. నేనొక్కదాన్నే ఇంట్ల అలిగి కూసోవాల్నా?"

దేవుడు ఆ గుట్ట మీద నాకు దగ్గరయ్యాడని రాస్తే అబద్ధం అవుతుంది. మా వంటింటి గూట్లో ఎంత దూరంగా ఉన్నాడో అక్కడా అంతే దూరంగా ఉన్నాడు. కానీ నేను పేరు దాచిపెట్టిన ఇన్నాళ్లూ నా కొడుకు పేరు ఆయన చెవిన పడుతూనే ఉంది. నేను అడగని రోజుల్లో ఇంకొకరు అడిగారు, తలుపు వేసుకొన్న ఇంటి పక్క నుంచి, తన సొంత మొక్కు తీరని మనిషి. ఆ సంగతి తెలిసినప్పుడు గుండె మీది బరువు కొంచెం జరిగింది. పూర్తిగా పోలేదు, జరిగింది. పీలిక పట్టుకొని, కళ్లు మూసుకొని, చాలా నెలల తర్వాత వాడి పేరు చెప్పాను. పేరు తర్వాత ఏమనాలో తెలియలేదు. స్తోత్రం గుర్తు రాలేదు. మళ్లీ పేరే చెప్పాను.

ఇద్దరం కలిసే దిగివచ్చాం. ఇంట్లో అడుగు పెట్టగానే బాబు నుదురు మీద చేయి వేసి చూశాను. చల్లగా ఉంది. పేరు తీశాను కాబట్టి ఇప్పుడు వేడెక్కుతుందేమో అని ఆ రాత్రంతా చూస్తూనే ఉన్నాను. ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా ఎడమ చేయి వాడి వీపు మీదే ఉంది. ఆ తర్వాత వాడికి ఫిట్స్ ఇంకోసారి వచ్చాయి, వానాకాలంలో. డాక్టరు చెప్పినట్టు చేశాను. మళ్లీ రాలేదు. వాడికి ఇప్పుడు బడికి పోయే వయసు. ముడులు ఇంకా విప్పలేదు. ఇంకొన్నాళ్లు చూద్దాం అని నేనే వాయిదా వేస్తున్నాను. కలిసినప్పుడల్లా నానీ నా భయానికి నవ్వుతుంది.

ఆ రోజు జరిగింది అత్తమ్మకూ ఆయనకూ చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకొని, ఓనరు దగ్గరికి పోయే పని తప్పినందుకు వెంటనే చాయ అడిగాడు. అత్తమ్మ చాలాసేపు తమలపాకు నములుతూ కూర్చుంది.

"మనకు గుళ్లు లేవానే? గా దర్గల ఎందుకు కట్టింది?" అంది.

 కొంచెంసేపయ్యాక గోడ వంక చూసి, గొంతు తగ్గించి అడిగింది, "ముడి గట్టిగ ఏసిందా? వదులుగ ఏసిందా?"

"గట్టిగనే ఏసింది."

"మంచిది."

గోడ అవతల ఎవరో దగ్గినట్టు, లేదా నవ్వినట్టు చప్పుడైంది.

మర్నాడు పొద్దున బాబు బట్టలు మళ్లీ వాకిట్లో దండెం మీద ఆరేశాను. పాపకు జడ వేస్తూ, బాబును కాళ్ల నడుమ ఇరికించుకొని, ఇద్దరికీ చెప్పాను. "నానీ పిలిస్తె పోండ్రి. పెడితె తినుండ్రి. తమ్ముని తల మీద ఊదితె నిలబడనియ్యి, గుంజుకరాకు."

"మొన్న వద్దంటివి గద?" అంది పాప.

"మొన్న నాకు ఎర్కలేదు."

"మరి తమ్మునికి జ్వరమొస్తె?"

"ఒళ్లు జర వెచ్చగున్నా సరే, ఎవలింట్ల ఉన్నా సరే, ఉరికొచ్చి మొదలు నాకు చెప్పు. నాకు చెప్పినంక దేవునికి చెప్పు. తమ్ముని పేరు పెట్టి చెప్పు."